నాన్న యెజ్డీ మళ్లీ కొయ్యూరు రోడ్డెక్కింది

లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్లలో కొందరు దారి మళ్లి మా కృష్ణదేవిపేటకీ వస్తారు. అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర చెప్పులు విప్పుతారు, పక్కనే గాం గంటందొర సమాధికి దండం పెడతారు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఊళ్లోకి వచ్చేవాళ్లు తక్కువ. వస్తే మా పెరట్లో పశువుల పాక చూపించేవాణ్ణి. అందులో పశువులు లేవు. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఉన్నది నాన్న బండి ఒక్కటే. 1975 మోడల్ యెజ్డీ, 250 సీసీ.

నాన్న మలేరియా విభాగంలో పనిచేశారు. మన్యంలో ఏ గూడెంలో జ్వరం ఉందంటే అక్కడికి వెళ్లి, వేలికొన మీద సూదితో గుచ్చి, గాజు పలక మీద నెత్తుటి చుక్క తీసుకురావడం ఆయన పని. ఆ తిరుగుడంతా ఈ బండి మీదే. ఒక వానాకాలం లంబసింగి ఘాట్‌లో బండి జారి కుడి మోకాలు పోయింది. ఆ రోజు నుంచి అమ్మ దాన్ని బండి అనదు, 'అది' అంటుంది.

నేను విశాఖలో ఉద్యోగం చేస్తాను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పాక సర్దుతుంటే, గోనెసంచుల కింద ట్యాంకు మీద పేరు కనిపించింది. బాగుచేద్దామనిపించింది. తమ్ముడు నవ్వాడు. "ఎవరో విశాఖ నుంచొచ్చి బేరమాడి ఎల్లేడు. ఇచ్చీ అన్నయ్యా, షోకేసులో పెట్టుకుంటాడంట" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. అమ్మ కంచాలు గట్టిగా పెట్టింది, అంతే.

యెజ్డీ గురించి కుర్రాళ్లకి రెండు మాటలు చెప్పాలి. చెకోస్లవేకియా వాళ్ల జావా బండిని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. 1973లో పేరు యెజ్డీగా మారింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీదుగా వచ్చిన పేరది. ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే గేరు రాడ్డే కిక్ అవుతుంది. తెలియనివాడు ఎత్తుకుపోదామన్నా స్టార్ట్ చెయ్యలేడని నాన్న నవ్వేవారు.

శనివారం రాత్రి బస్సు దిగడం, ఆదివారం సాయంత్రం దాకా పాకలో కూర్చోవడం. ఏడు నెలలు ఇదే. ఇంజన్ పూర్తిగా పట్టేసింది. ప్లగ్గు విప్పి ఆ కన్నంలోంచి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి వదిలేశాను. రెండో వారానికి పిస్టన్ కదిలింది. ట్యాంకు లోపలంతా తుప్పు. గుప్పెడు కంకరరాళ్లు, చిక్కటి చింతపండు రసం పోసి ఊపాను. ఇత్తడి బిందెలు తోమే చింతపండే కదా! మూడుసార్లు ఊపాక ఇనుము రంగు కనబడింది. వంటసోడా నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాను. సైలెన్సర్ల లోపలి గొట్టాలు మసితో మూసుకుపోయాయి. వాటిని పొయ్యిలో కాల్చి దులిపాను.

సిలిండర్ బోరు అసలు 65 మిల్లీమీటర్లు. అరిగి అండాకారంగా తయారైంది. పోస్టులో తెప్పించిన పిస్టన్ పెట్టె మీద ఒక సైజు, లోపల ఇంకో సైజు. అది తిప్పి పంపడానికే నెల పట్టింది. చివరికి నర్సీపట్నంలో ఒక పాత మేస్త్రి తన అటక మీద నుంచి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ తీసి ఇచ్చాడు. దానికి తగ్గట్టు లేతు మీద బోరు చేయించాను.

ఆగస్టులో ఒక ఆదివారం, పదిహేనో కిక్కుకి బండి లేచింది. ఊరు ఊరంతా పొగ! తెల్లటి పొగ, ఆగడం లేదు. పెట్రోల్లో లీటరుకి నలభై మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపాను. ఎక్కువైందేమోనని తగ్గించాను. పొగ తగ్గలేదు. కార్బొరేటర్ మళ్లీ విప్పాను. రెండు ఆదివారాలు పోయాయి. ఇక అమ్మేద్దామని తమ్ముడికి ఫోన్ చేయబోతుంటే, అరుగు మీద నుంచి నాన్న గొంతు వినిపించింది.

"గేరాయిలు సూసేవేట్రా?"

చూశాను. పోసిన ఆయిల్లో సగం లేదు. కింద ఒక్క చుక్క కారలేదు.

"మరింకేటి? క్రాంకు సీలు పోయింది. గేరాయిలు ఇంజన్లోకి తాగీసి కాలస్తంది."

టూ స్ట్రోక్ ఇంజన్‌కి క్రాంకు గది కూడా గాలి పీల్చే గదే. గేరుపెట్టె వైపు రబ్బరు సీలు గట్టిపడితే ఆయిల్ని కూడా పీల్చేస్తుంది. ఇరవై రెండేళ్లు ఊరికే ఉన్న రబ్బరు ఏం మిగులుతుంది? ఇంజన్ మొత్తం మళ్లీ విప్పాల్సొచ్చింది. ఈసారి నాన్న కర్ర ఆనించుకుని పాకలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ పాకలోకి రావడం నేను చూడలేదు. పాయింట్ గ్యాప్ ఆయనే పెట్టారు. చేతులు వణికాయి కానీ గేజి తప్పలేదు.

బండికి యాభై ఏళ్లు నిండాయి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామన్నాను. 2021లో వచ్చిన రూల్ అది. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. నాన్న విని, "బండంటే తిరగాల. దేవుడి గదిలో ఎట్టుకుంటావేటి?" అన్నారు. మామూలు రెన్యువల్‌కే వెళ్లాం. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, ఆఫీసులో తనిఖీ. ఐదేళ్లకి ముద్ర పడింది. బేరమాడిన ఆయనకి తమ్ముడే ఫోన్ చేసి లేదని చెప్పాడు.

మొదటి సవారీ కొయ్యూరు దాకా. నాన్న వెనక సీట్లో. మోకాలు మడత పడదని ఫుట్‌రెస్ట్ కొంచెం ముందుకి, కిందకి వెల్డింగ్ చేయించాను. వింటేజ్ వాళ్లు చూస్తే తిడతారు!

ఆ దారి మామూలు దారి కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మా కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి రాజు దళం తుపాకులు తీసుకుపోయింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి, శవాన్ని ఇటే తెచ్చి, తాండవ ఒడ్డున దహనం చేశారు. ఆ తిరుగుబాటుకి ఒక కారణం కూడా రోడ్డే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి దారి వెయ్యడానికి, బాస్టియన్ అనే అధికారి గిరిజనుల చేత వెట్టి చేయించాడు. నాన్న మోకాలు పోయింది ఆ ఘాట్‌లోనే. "ఆలు కూలి నేకండా కొట్టిన రోడ్డు మీద మనం జీతం తీసుకుని తిరిగేం" అన్నారు నాన్న, నా చెవి దగ్గర. బండి చప్పుడులో మళ్లీ అడగాల్సొచ్చింది.

జీడిమామిడి తోటలు దాటాక ఒక మలుపులో ఆపమన్నారు. ఏదో గూడెం వైపు కాలిబాట. చాలాసేపు అటే చూశారు. ఎందుకో నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దుపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బండిని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "దాని ముందు లైటు గుడ్డిగుంది. అది బాగుచెయ్యకండా మీ నాన్నని రాత్రిపూట తిప్పకు" అంది.

వచ్చే ఆదివారం పని దొరికింది.