ముందూ వెనకా లేని పడవ

బెంగళూరుకు నది లేదనకూడదు. బసవనగుడి నంది పాదాల దగ్గర పుట్టిందని చెప్పుకునే వృషభావతి ఉంది. కాకపోతే మైసూరు రోడ్డులో దాని పక్కకు రాగానే కారు అద్దాలు పైకెత్తుకుంటాం. అందుకే వేసవిలో నలుగురు స్నేహితులు కలిసి ఒక పూట నీళ్ల మీద గడపాలంటే కనకపుర రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లు పోవాలి, భీమేశ్వరి దాకా.

ఆ దారిలో ఒక తమాషా ఉంది. తాతగుణి, హారోహళ్లి దాటుకుంటూ మనం కావేరి దగ్గరికి దిగుతుంటే, కావేరి అదే దారిన మన ఇళ్లకు ఎక్కుతూ ఉంటుంది. తొరెకాడనహళ్లిలో పంపులు తోసిన నీటిని ఈ రెండు చోట్లా మళ్లీ తోసి, మొత్తం మీద అర కిలోమీటరు ఎత్తుకు చేరుస్తారు. 1974 నుంచీ ఇదే తంతు. పైన శివనసముద్రంలోనైతే 1902 నుంచే ఈ నది కరెంటు ఇస్తోంది. 1905లో బెంగళూరు వీధి దీపాలు వెలిగింది దానితోనే. ఇంత చాకిరీ చేసే నది మీద మేం పోయేది ఏ పనీ లేకుండా కూర్చోడానికి.

భీమేశ్వరిలో మాకు దొరికింది పుట్టి. వెదురు బద్దలు అల్లి, వెనకటి రోజుల్లో తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూసిన గుండ్రటి హరిగోలు. ఎక్కించడం ఒక విద్య. నడిపేవాడు మా అందరినీ ఒకసారి ఎగాదిగా చూసి, జీతంతో పాటు బొజ్జ పెరిగిన ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. మిగిలినవాళ్లం సందుల్లో సర్దుకున్నాం. గద్వాల మిత్రుడికి ఇదేం కొత్త కాదు. పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణ దాటి కురువపురం పోయినప్పుడల్లా ఎక్కినవాడే. పాపికొండల లాంచీలకు అలవాటుపడ్డ రాజమండ్రి వాడే కంగారుపడ్డాడు.

“దీనికి ముందేదిరా?”

లేదు. దాని సుఖమంతా అక్కడే ఉంది. కయాక్‌లో గంటసేపు ముందువాడి వీపు చూస్తూ తెడ్డు వెయ్యాలి. పుట్టిలో అందరి మొహాలూ అందరికీ కనిపిస్తాయి, పుట్టి మెల్లగా తిరుగుతుంటే గట్లు రెండూ వంతులవారీగా ముందుకొస్తాయి. తెల్లమద్ది చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. మొదటి పావుగంట ఫ్లాటు వాయిదాలు, బడి ఫీజులు. తర్వాత ఒక బండ మీద నోరు తెరుచుకుని ఎండ కాగుతున్న మొసలి కనబడింది. ఫీజుల మాట మళ్లీ రాలేదు. నీళ్లలో ఆడిస్తున్న చేతులన్నీ ఒక్కసారిగా ఒళ్లోకి వచ్చేశాయి.

నడిపేవాడు తెడ్డును పక్కకు కాకుండా ఎదురుగా ముంచి తనవైపు లాక్కుంటాడు, అంతే. సుడి ఉన్నచోట మాత్రం మాట ఆపి నీళ్లకేసి చూస్తాడు. పక్కనే ముత్తత్తి, సుడిలో పడిన సీతమ్మ ఉంగరాన్ని హనుమంతుడు తోకతో వెతికి తీశాడని అక్కడి కథ. హనుమంతుడికే తోక కావలసివచ్చిన చోట మనకు లైఫ్ జాకెట్ ఎబ్బెట్టుగా ఉందని విప్పడం తెలివి కాదు.

మూపురం ఉన్న మహసీర్ చేప ఈ కావేరిదే, మరెక్కడా లేదు. 2018లో అది అంతరించే అంచుకు చేరినవాటి జాబితాకెక్కింది. మాకు కనబడలేదు. దిగువన సంగమం దగ్గర అర్కావతి వచ్చి కలుస్తుంది, వృషభావతిని వెంటబెట్టుకుని. మేం తాగిన నీటికి మా ఊరు కావేరికి కడుతున్న బాకీ అది. అంతదాకా పోలేదు.

దిగాక అతను పుట్టిని బోర్లించి తలకెత్తుకున్నాడు. ఏరు కిందికి తెచ్చినదాన్ని పైకి మోసేది మనిషే. వెదురు కిందనుంచి అడిగాడు:

“బెంగళూరులో నీళ్లు సరిగ్గా వస్తున్నాయా సార్?”

“రోజు విడిచి రోజు. అదీ తెల్లవారుజామున,” అన్నాడు రాజమండ్రి వాడు.