కార్బే ఏటి వెంట కిందికి

గ్వాదెలూప్‌లో వాన తూర్పు నుంచి వస్తుంది. అట్లాంటిక్ మీద ఏడాది పొడుగునా వీచే గాలి తేమ మోసుకుంటూ వచ్చి, దారిలో ఏ అడ్డూ లేక, నేరుగా లా సూఫ్రియేర్ అగ్నిపర్వతానికి తగులుతుంది. 1,467 మీటర్ల ఎత్తున్న ఆ కొండ తూర్పు కరీబియన్‌లోని చిన్న దీవులన్నిటిలోకీ ఎత్తైనది. దాని నెత్తి మీద ఏడాదికి దాదాపు 10 మీటర్ల వాన కురుస్తుంది. మా కోనసీమలో మీటరు దాటి కాస్త పడితే మంచి వానాకాలం అంటాం. అంత నీరూ కొండ మీద నిలవదు కదా, ఏరులై దిగుతుంది. వాటిలో ఒకటి కార్బే. తూర్పు వాలున దిగుతూ మూడు చోట్ల దూకుతుంది. పై జలపాతం 115 మీటర్లు, నడిమిది 110, కిందిది 20.

1493 నవంబరులో కొలంబస్ రెండోసారి ఇటు వచ్చినప్పుడు ఆయన ఓడల్లో ఛాంకా అనే వైద్యుడున్నాడు. దీవి దగ్గరపడుతుంటే కొండ మీద, ఆకాశంలోంచే పడుతున్నట్టు ఒక తెల్లటి చార కనిపించిందని ఆయన ఉత్తరంలో రాశాడు. అది తెల్లరాయి అని కొందరు, కాదు నీళ్ళే అని కొందరు ఓడ మీద పందేలు కాశారట. ఆ చార కార్బేయే అంటారు. ఇప్పటికీ ఈ జలపాతం చూడడానికి చాలామంది ఓడ దిగే వస్తారు. మేమూ అలాగే వెళ్ళాం. మేముండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో. నాన్నగారిది రావులపాలెం దగ్గర పల్లె, బతుకంతా అరటీ కొబ్బరీ పండించిన మనిషి. ఆ ఏడు చలికాలం మా దగ్గరే ఉన్నారు. కాస్త ఎండ తగిలే చోటికి తీసుకెళదామని మావారే ఈ ప్రయాణం పెట్టారు.

గైడు యాభై దాటిన ఆవిడ, కాపెస్తేర్ ఊరి మనిషి. జలపాతం ఆ ఊరి పొలిమేరలోదే. రేవు నుంచి బస్సులో బయల్దేరగానే ఆవిడ చెప్పిన మొదటి సంగతి, ఈ దీవి అడవుల్లో విషసర్పాలు లేవని. నాన్నగారికి అది నమ్మబుద్ధి కాలేదు. ఇంత తడి, ఇంత పచ్చ ఉన్నచోట పాము లేకపోవడమేమిటని దారంతా ఆలోచిస్తూనే ఉన్నారు. బస్సు ఆగిన దగ్గర్నుంచి నడిమి జలపాతం కనిపించే చోటికి ఇరవై నిమిషాల నడక. 1989 నుంచీ ఇదంతా నేషనల్ పార్కు.

అడవిలోకి అడుగు పెట్టగానే వెలుతురు తగ్గింది. వాన పడడం లేదు, కానీ పైనుంచి చినుకులు రాలుతూనే ఉన్నాయి. ఎప్పుడో పడ్డ వాన ఆకు నుంచి ఆకుకు దిగి, అప్పటికి మా దగ్గరికి చేరింది. ఒక మాను దగ్గర గైడు ఆగింది. మొదట్లో వేళ్ళు నేల మీదికి పలకలుగా లేచి, నాన్నగారి భుజం దాకా ఉన్నాయి. ఇక్కడ మట్టి పలచన, వాన జాస్తి. వేరు లోపలికి పోయే వీలు లేక పక్కలకు పాకి చెట్టును నిలబెడుతుంది. కొమ్మల నిండా అనాస కుటుంబం మొక్కలు. ఆకుల మొదట్లో దోసెడు వాన నీరు పట్టుకుని, నేలతో పనిలేకుండా బతికేస్తాయి. ఇంకాస్త ముందు గొమ్మియే అనే చెట్టు. దాని బెరడు మీద తెల్లటి జిగురు బొట్టు బొట్టుగా కారి గట్టిపడి ఉంది. ముక్కు దగ్గరగా పెట్టి పీల్చాను. సాంబ్రాణి వాసన! పరంగి సాంబ్రాణి ఇచ్చే చెట్లూ ఇదీ ఒకే కుటుంబమని తరవాత తెలిసింది. ఈ మాను తొలిచే ఇక్కడి కరీబు జాతి వాళ్ళు సముద్రం మీద తిరిగే పడవలు చేసుకునేవారట. ఎక్కడో వడ్రంగిపిట్ట కొడుతున్న చప్పుడు వినపడింది. ఈ దీవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని నల్ల వడ్రంగిపిట్ట అది. ఎంత వెతికినా కంటపడలేదు.

మలుపు తిరిగేసరికి జలపాతం. దాని గురించి ఎన్ని ఫొటోలు చూసి వెళ్ళినా ఒకటి మాత్రం అక్కడ నిలబడితేగాని తెలియదు. నీరు ఒకే వేగంతో పడుతున్నట్టు ఉండదు. పై అంచున ఏదో ఒక ముద్దను కంటితో పట్టుకుని, దానితోపాటే చూపును కిందికి దించాలి. ముందు అది బరువుగా, గట్టిగా ఉంటుంది. మూడో వంతు దిగేలోపే గాలి దాన్ని చీలుస్తుంది. చీలిక పోగులవుతుంది, పోగు పొడి అవుతుంది, పొడిలో కొంత పడడం మానేసి పక్కకి తేలి నాచు పట్టిన రాతి గోడను తడుపుతుంది. మిగిలింది కింద మడుగులో పడి మళ్ళీ నీరవుతుంది. ఈలోపు పైన ఇంకో ముద్ద సిద్ధం. నాన్నగారు రెయిలింగు పట్టుకుని ఎంతసేపు చూశారో! ఆయన ఎరిగిన నీళ్ళు గోదావరి కాలవ నీళ్ళు. లాకుల దగ్గర తప్ప చప్పుడు చెయ్యవు. “ఈ నీళ్ళకి తొందరెక్కువమ్మా” అన్నారు. ఆ జలపాతం గురించి నాకు సరిగ్గా అనిపించేది ఆ ఒక్క మాటే.

మడుగు దాకా దిగనివ్వరు. 2004 నవంబరు 21న వచ్చిన భూకంపంలో ఈ కొండ చరియలు విరిగిపడ్డాయి. ఆ తరవాతా జారుతూనే ఉన్నాయి కాబట్టి పాదం దగ్గరికి వెళ్ళే దారి మూసేశారు. మాతో వచ్చినవాళ్ళలో కొందరు ఈత బట్టలు తెచ్చుకుని నిరాశపడ్డారు. నాకు మాత్రం ఆ దూరమే మేలనిపించింది. మనిషి దిగని మడుగు ఒకటి కంటి ముందుండడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు.

తిరిగి దిగుతుంటే అడవి అయిపోయీ కాకముందే అరటి తోటలు మొదలయ్యాయి. వాలు పొడుగునా, కింద సముద్రం దాకా అరటే. గెల గెలకీ నీలం ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది. నాన్నగారికి ప్రాణం లేచివచ్చింది. వరసకీ వరసకీ మధ్య ఎడం ఎంత, పిలకలు ఎన్ని ఉంచుతారు, గాలివానకి ఊతం ఏం కడతారు, అన్నీ నా చేత అడిగించారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అప్పుడాయన, “దుంపకి ముక్కు పురుగు పడితే ఏం వేస్తారో అడుగమ్మా. మేం గుళికలు వేసేవాళ్ళం” అన్నారు.

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. మైకు కట్టేసి, వచ్చి మా ముందు సీట్లో కూర్చుంది. “క్లోర్‌డెకోన్” అంది. “మా నాన్న వేసేవాడు. తెల్లటి పొడి. బకెట్టులో పట్టుకుని, వట్టి చేత్తో, చెట్టు మొదట్లో చుట్టూ చల్లేవాడు.”

ఆ మందు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేనుండే ఊరికీ దానికీ సంబంధం ఉంది. దాన్నే అమెరికాలో కెపోన్ అనేవారు. రిచ్‌మండ్‌లో పారే జేమ్స్ నది ఒడ్డునే, కాస్త దిగువన, హోప్‌వెల్ అనే ఊళ్ళో దాన్ని తయారుచేశారు. కార్మికులకు చేతులు వణకడం మొదలైంది. 1975లో ఫ్యాక్టరీ మూతపడింది, నదిలో చేపలు పట్టడం నిషేధించారు, ఆ నిషేధం ఏళ్ళ తరబడి సాగింది. ఇదంతా లోకానికి తెలిశాక కూడా, ఫ్రాన్స్ ఏలుబడిలోని గ్వాదెలూప్, మార్తినీక్ దీవుల్లో ఇదే మందును అరటి తోటల్లో చల్లుతూ పోయారు. 1972లో అనుమతి, 1990లో ఫ్రాన్స్‌లో నిషేధం, దీవులకు మాత్రం 1993 దాకా మినహాయింపు. నేలలో పడ్డ ఈ మందు ఓ పట్టాన కరగదు, దశాబ్దాలు, కొన్ని నేలల్లో శతాబ్దాలు ఉంటుందంటారు. మట్టి నుంచి ఊటల్లోకి, ఏళ్ళలోకి, దుంపకూరల్లోకి, చేపల్లోకి చేరింది. ఈ రెండు దీవుల్లోని పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా నెత్తుట్లో అది కనిపిస్తోంది. గ్వాదెలూప్ మగవాళ్ళ మీద చేసి 2010లో బయటపెట్టిన పరిశోధనలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ దీనికీ సంబంధం కనిపించింది. జేమ్స్ నది పక్కన ఇన్నేళ్ళుగా నడుస్తూ ఈ కథలో సగమైనా తెలుసుకోలేదు నేను. మిగతా సగం ఒక అరటి రైతు ప్రశ్నతో తెలిసింది.

ఏటికి రెండు బతుకులున్నాయని అప్పుడర్థమైంది. పైన అడవిలో వాన నీరు, కింద తోటల్లోంచి ఊరిన నీరు. జలపాతం పై బతుకు. మమ్మల్ని అక్కడికే తీసుకెళ్ళారు.

కాపెస్తేర్‌లో పెద్ద రోడ్డు పక్కన షాంజీ గుడి కనపడగానే నాన్నగారు బస్సులోంచే చేతులు జోడించారు. రంగురంగుల దక్షిణాది గోపురం, చుట్టూ అరటి. 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకి మనుషులు కావలసి, మన తూర్పు తీరం నుంచి ఒప్పందం మీద కూలీలను తెచ్చారు. 1854 డిసెంబరు 24న ‘ఒరేలీ’ అనే ఓడ మొదటి జట్టును దించింది. ఆ తరవాతి ముప్ఫై అయిదేళ్ళలో 42 వేల మంది దాకా వచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్ ఓడరేవుల నుంచి ఎక్కినవాళ్ళే ఎక్కువ. తమిళులు చాలామంది, వారిలో తెలుగువాళ్ళూ కొందరు. అయిదేళ్ళ ఒప్పందం అయ్యాక తిరిగి పంపుతామన్నారు, చాలామంది ఇక తిరిగి వెళ్ళలేదు. వాళ్ళ పిల్లలకు ఫ్రెంచి పౌరసత్వం కోసం ఇదే కాపెస్తేర్‌లో పుట్టిన హెన్రీ సిదంబరం 1904 నుంచి దావా నడిపాడు. 1923 దాకా తెమల్లేదు. భాష పోయింది. రామస్సామి, వీరపిన్ లాంటి ఇంటిపేర్లు మిగిలాయి, మారెమ్మ మిగిలింది. ఇక్కడ ఆమెను మలియెమిన్ అంటారు. గైడు వాళ్ళ నాయనమ్మ ఆఫ్రికా సంతతి మనిషే అయినా, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఈ గుడికి వచ్చి మొక్కుకునేదట. చెరుకు పోయి అరటి వచ్చాక, ఆ తోటల్లో పనిచేసిందీ ఈ రెండు సంతతుల వాళ్ళే.

మధ్యాహ్నం భోజనానికి ఏటి ఒడ్డునే ఒక హోటల్లో ఆగాం. మేక మాంసం కొలొంబో వడ్డించారు: పసుపు, ధనియాలు, ఆవాలు, మెంతులు వేసిన మసాలా, అన్నం. ఓడల్లో వచ్చినవాళ్ళు తెచ్చిన వంట ఇప్పుడు దీవి వంట. నాన్నగారు మెనూలో రొయ్య బొమ్మ చూసి, అది ఈ ఏటిదేనా అని అడిగించారు. కాదు, బయటి నుంచి తెప్పిస్తారంది గైడు. ఇక్కడి వాళ్ళు వాసూ అని పిలిచే పెద్ద మంచినీటి రొయ్య ఒకప్పుడు ఈ ఏరుల నిండా దొరికేది. మన గోదావరి నీలకంఠ రొయ్యకి దగ్గరి చుట్టం. దాని బతుకు చిత్రమైనది. పిల్లలు పుట్టగానే వరదతో పాటు సముద్రం దాకా కొట్టుకుపోతాయి. ఉప్పునీళ్ళలో కొంత ఎదిగాక మళ్ళీ ఏటికి ఎదురెక్కుతాయి, రాత్రిళ్ళు తడి రాళ్ళ మీద పాకుతూ, ఒక్కో మడుగూ దాటుతూ. అంటే కార్బేలో వాసూకి అరటి తోటల మధ్యనుంచి పోయే దారి తప్ప వేరే దారి లేదు. మందు చేరిన ఈ దక్షిణపు ఏళ్ళలో చేపా రొయ్యా పట్టడం నిషేధం.

బస్సు రేవుకి చేరేలోపు ఆవిడ మిగతాదీ చెప్పింది. 2006లో దీవుల వాళ్ళు కోర్టుకెక్కారు. కేసు పదహారేళ్ళకు పైగా నడిచింది. 2023 జనవరిలో ప్యారిస్ న్యాయమూర్తులు ఎవరినీ విచారణకు నిలబెట్టకుండా దాన్ని మూసేశారు. అది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం దాచుకోలేదు. అది న్యాయమైన కోపం. పొడి చల్లిన మనిషికి అది విషమని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళకు తెలుసు, తెలిసి కూడా ఇంకొన్నేళ్ళు అమ్మారు. 2021 చివర్లో తోట పనివాళ్ళకి వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్‌ని వృత్తిరోగంగా ఒప్పుకున్నారు. పరిహారానికి దారి తెరిచినట్టే, కానీ నేల బాగుకాదు.

నాన్నగారు ఆవిడని ఇంకొకటి కూడా అడగమన్నారు: ఈ నేలలో ఇప్పుడు ఏం పండించుకోవచ్చు? దానికి మాత్రం ఆవిడ దగ్గర వరసగా జవాబులున్నాయి. అరటిపండులోకి మందు ఎక్కదట, దుంపలోకి ఎక్కుతుంది. కర్రపెండలం, చిలగడదుంప పెట్టేముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి. టమాటాలాంటివి నేలకి ఎత్తుగా కాస్తాయి కాబట్టి ఫర్వాలేదు. కోళ్ళని నేల మీద వదలకూడదు. ఆవిడ పెరట్లో మట్టి పరీక్షకు ఇచ్చి ఉందట. ఈలోగా కూరగాయలు వేరే మట్టి నింపిన పెట్టెల్లో పెంచుతోంది. నాన్నగారు ఆ పెట్టె ఎంత లోతుండాలో, అడుగున ఏం పరవాలో చెప్పారు. నేను తర్జుమా చేస్తుంటే ఆవిడ పర్యటన కాగితం వెనక రాసుకుంది.