ఘాట్ ఎక్కేటప్పుడే ఎందుకు మరుగుతాది?

గ్రూపులో చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్టు పెద్దదే. ఇంట్లో పాత జీపు గానీ ట్రాక్సు గానీ ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి, పనికొస్తాది.

నేను విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిజిక్స్ గ్రూపు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే మొదలు. మాది పాడేరు పక్కన ఊరు. మా చిన్నాన్నకి ఒక కమాండర్ జీపు ఉంది. వయసులో అది నాకంటే పెద్దది. సంతలకి, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకి, మైదానానికి దిగి సరుకు ఎక్కించుకు రావడానికి మా ఊరికి అదే బండి. 2022లో మనకి వేరే జిల్లా వచ్చి పాడేరు జిల్లా కేంద్రం అయింది గానీ, మా ఊరి రోడ్డుకి మాత్రం ఇప్పటికీ జీపే గతి. నేను హాస్టల్లో చేరిన రోజు ట్రంకుపెట్టె, పరుపు దిగింది కూడా ఆ జీపులోంచే. నా ఖర్చులకి చిన్నాన్న నెలనెలా పంపేది దాని మీద వచ్చిన డబ్బులే.

సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చేసరికి జీపు సంగతి బాగోలేదు. "మరిగిపోతందిరా" అన్నాడు చిన్నాన్న. అప్పటికే రెండు నెలలుగా అదే బాధ. కింద ఊళ్ళో ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు, పై హోసు కొత్తది వేశాడు, అయినా తగ్గలేదు. ఆఖరికి హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దింపాలి, అంతా కలిపి 30 వేలు అవుతాది అని తేల్చేశాడు. మా ఇంట్లో 30 వేలు ఎక్కడివి? ఉన్నది మిరియాల తోట. గింజ ఇంకా పచ్చిగా తీగ మీదే ఉంది. సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే పంట అతను చెప్పిన రేటుకే ఇవ్వాలి. ఆ రేటెలా ఉంటాదో మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నాన్న అప్పటికే 10 వేలు తెచ్చేశాడు, మిగతాది పండగయ్యాక ఇస్తానన్నాడట సావుకారు.

"నువ్వు ఫిజిక్సు కదా, ఒకసారి సూడు" అన్నాడు చిన్నాన్న. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. ఉష్ణగతిక శాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. బానెట్ ఎత్తితే ఏది ఏదో మాత్రం తెలీదు. తెలీదు అని చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు మైదానం నుంచి వస్తూ నేను ముందు సీట్లో కూర్చున్నాను. చిన్నాన్న తోలుతున్నాడు. వెనక క్లీనరు మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు. వాడికి 18 ఏళ్ళు. ఎనిమిదితో బడి మానేసి అప్పట్నుంచి జీపు మీదే ఉన్నాడు. గరికబంద చెక్‌పోస్టు దాటి కొంత ఎక్కాక బానెట్ సందులోంచి ఆవిరి మొదలైంది. దిగి నేనే ముందుకి పరిగెత్తాను, చదువుకున్నోడిని కదా. "అన్నియా, ముట్టుకోకు!" అని తమ్ముడు అరుస్తూనే ఉన్నాడు. తువ్వాలు వేసి రేడియేటర్ మూత తిప్పేశాను. మరుగుతున్న నీళ్ళు పైకి చిమ్మి ఎడమ మణికట్టు కాలిపోయింది. ఇప్పుడు రాస్తుంటే ఆ మచ్చ కనిపిస్తానే ఉంది. దయచేసి వేడి మీద ఆ మూత ఎవరూ తియ్యకండి. కనీసం అరగంట ఆగండి. వేడి ఇంజన్లో గెడ్డ చల్లనీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించినా హెడ్ పగిలిపోవచ్చు. అప్పుడు మెకానిక్ చెప్పిన మాట నిజంగానే నిజమైపోతాది.

జనం దిగి రోడ్డు పక్కన కూర్చున్నారు. ఒకామె చంటిబిడ్డకి పాలిస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు, అలవాటైపోయినట్టున్నారు. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది.

చెయ్యి మండుతుంటే ఏదో ఒకటి మాట్లాడాలని తమ్ముణ్ణి అడిగాను, రోజూ ఇక్కడేనా మరిగేది అని. వాడు కొబ్బరి పీచు ఒలిచినట్టు వరసగా చెప్పుకుపోయాడు. "ఎక్కేటప్పుడే అన్నియా. అదీ లోడుంటేనే. దిగేటప్పుడు ఎప్పుడూ మరగదు. సంతలో జనం కోసం ఇంజన్ ఆపకుండా గంట నిలబెట్టినా మరగదు. పాడేరు నుంచి మన ఊరికి మెల్లగా ఎల్తే మరగదు. సెకండ్ గేర్లో గట్టిగా తొక్కితే పది నిమిషాల్లో మరుగుతాది."

ఈ మాట మెకానిక్‌కి చెప్పావా అంటే, "నన్నెవరడిగారు" అన్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. చెయ్యి నొప్పి ఒకటి, వాడి మాటలొకటి. పుస్తకం వెనక పేజీలో రాసుకుంటూ కూర్చున్నాను. వాడు చెప్పినదాంట్లోనే సగం జబ్బు తేలిపోయింది. నిలబెట్టినప్పుడు మరిగి, నడుస్తుంటే తగ్గిపోతే అది గాలి లోపం: ఫ్యాను, బెల్టు, లేదా రేడియేటర్ రెక్కల్లో చెత్త. మాది దానికి తిరగబడి ఉంది. అంటే గాలి సరిపోతోంది, ఇంజన్ ఎక్కువ వేడి పుట్టించినప్పుడు నీళ్ళు సరిపడా తిరగట్లేదు. దిగేటప్పుడు కూడా ఇంజన్ అరుస్తాది గానీ కాలు యాక్సిలేటర్ మీద ఉండదు, డీజిల్ కాలదు, వేడి పుట్టదు. అందుకే మరగదు. ఇంత చిన్న సంగతి రెండు నెలల్లో ఎవరికీ తట్టలేదంటే, బండి ఎప్పుడు మరుగుతుందో చూసేవాణ్ణి ఎవరూ అడగకపోవడమే.

తెల్లారి మంచులో ఇద్దరం మొదలుపెట్టాం. ముందు 30 వేల ప్రశ్న. హెడ్ గ్యాస్కెట్ పోతే సిలిండర్లో మండిన గాలి నీళ్ళల్లోకి వస్తాది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నీళ్ళు నిండా పోసి, స్టార్ట్ చేసి మెడలోకి చూడాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. మాకు మొదట రెండు మూడు వచ్చి ఆగిపోయాయి, అది లోపల ఇరుక్కున్న గాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోసు రాయిలా గట్టిపడితే అదీ చెడ్డ గుర్తే. మాది మెత్తగానే ఉంది. ఆయిల్ పుల్ల తీసి చూశాం, నల్లగా మామూలుగా ఉంది. నీళ్ళు కలిస్తే పాలు కలిపిన టీ రంగులోకి తిరుగుతాది.

మరి మెకానిక్ ఎందుకలా అన్నాడు? సైలెన్సర్లోంచి తెల్లపొగ వస్తోంది, ఆయిల్ పోసే మూత కింద తెల్లగా మీగడలా ఉంది అన్నాడట. రెండూ నిజమే. కానీ జనవరిలో మన ఏజెన్సీ పొద్దుట పూట ఏ సైలెన్సర్ తెల్లగా ఊదదు? మన నోట్లోంచి కూడా పొగే వస్తాది. ఇంజన్ వేడెక్కాక ఆ పొగ పోవాలి, మాది పోయింది. ఆ మీగడ కూడా చలిలో దగ్గర దగ్గర తిరిగే బండికి తేమ వల్ల పడుతుంది. పుల్ల మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. అతను మోసం చేశాడని నేననను. అతను మైదానంలో ఉంటాడు, ఇక్కడి చలి అతనికేం తెలుసు.

తర్వాత థర్మోస్టాట్. పీకేసి చిన్నాన్న చేతిలో పెట్టాడు కాబట్టి టూల్ బాక్సులోనే ఉంది. దారం కట్టి, టీ గిన్నె నీళ్ళలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాం. నీళ్ళు మరగడానికి కొంచెం ముందే అది నోరు తెరిచింది. తీసి బయట పెడితే మెల్లగా మూసుకుంది. అంటే అది బాగానే ఉంది, అన్యాయంగా పీకేశారు. పిన్ని వచ్చి "ఆ గిన్నెలో మళ్ళీ టీ ఎలా పెడతాను" అని తిట్టింది. థర్మోస్టాట్ లేకుండా తోలితే బండి చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యమై డీజిల్ ఎక్కువ తాగుతాది. కొన్ని ఇంజన్లలో అయితే అది లేకపోతే పక్కదారి తెరుచుకునే ఉండి, కొన్ని నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళకుండానే తిరిగొచ్చేస్తాయి. వేడి ఇంకా పెరుగుతాది.

రేడియేటర్ మూత చూస్తే లోపలి రబ్బరు వాచరు పగిలి ఉంది. ఇక్కడ మాత్రం నా చదువు పనికొచ్చింది. మనం సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత గట్టిగా పట్టి లోపల ఒత్తిడి నిలిపితే 115 దాటేదాకా మరగవు. అంటే ఆ చిన్న రబ్బరు ముక్క మీద దాదాపు 20 డిగ్రీలు ఆధారపడి ఉన్నాయి. తమ్ముడు పాడేరు వెళ్ళి 150 రూపాయలకి మూత తెచ్చాడు. మర్నాడు ఘాట్ ఎక్కితే గరికబంద దగ్గర మరగలేదు. నేను ఉబ్బిపోయాను. వంట్లమామిడి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆవిరి.

చిన్నాన్న స్టీరింగ్ మీద తల పెట్టుకుని, "రేపెళ్ళి మిగతా డబ్బులు తెచ్చేస్తాన్రా" అన్నాడు. ఒక్క రోజు ఆగమన్నాను. ఆ ఒక్క రోజు అడగడానికి నాకు ఏ అర్హత ఉందో తెలీదు.

మర్నాడు బెల్టు నొక్కి చూశాం, బిగుతుగానే ఉంది. ఇంజన్ వేడెక్కాక ఆపి రేడియేటర్ ముందువైపు చేత్తో తడిమాం. ఒకవైపు కింది మూల కొంచెం చల్లగా తగిలింది, అక్కడ మట్టి పేరుకుందన్నమాట. ఏళ్ళ తరబడి ఏ గెడ్డ దొరికితే ఆ గెడ్డ నీళ్ళు పోశాం, లోపల ఎర్రమట్టి, తుప్పు. కడగాలి. కానీ ఇంత జబ్బుకి ఆ మూల ఒక్కటే చాలదు అనిపించింది.

అప్పుడు తమ్ముడే అన్నాడు, "ఘాట్‌లో తొక్కినట్టు ఇక్కడ తొక్కితే?" వాడు సీట్లో కూర్చుని యాక్సిలేటర్ తొక్కాడు, నేను ఫ్యానుకి దూరంగా నిలబడి బానెట్ కింద చూస్తున్నాను. (లుంగీ, తువ్వాలు, పొడవు చేతుల చొక్కా వేసుకుని ఆ ఫ్యాను దగ్గరికి ఎవరూ వెళ్ళకండి.) మామూలుగా ఆడుతున్నప్పుడు ఏమీ లేదు. వాడు గట్టిగా తొక్కేసరికి రేడియేటర్ అడుగు నుంచి పంపుకి వెళ్ళే కింది హోసు, పీల్చేసిన తాటిముంజెలా లోపలికి అణిగిపోయింది. కాలు తీస్తే మళ్ళీ ఉబ్బింది. "మళ్ళీ తొక్కు!" అన్నాను. మళ్ళీ అణిగింది. నేను అరిచిన అరుపుకి చిన్నాన్న, పిన్ని, పక్కింటోళ్ళు అందరూ వచ్చేశారు. వాళ్ళందరికీ నాలుగైదు సార్లు తొక్కించి చూపించాం.

సంగతి ఏంటంటే, పై హోసులో నీళ్ళు తోసుకుంటూ వెళ్తాయి, కింది హోసులోంచి పంపు పీలుస్తాది. పీల్చినప్పుడు అణిగిపోకుండా చాలా బళ్ళలో కింది హోసు లోపల ఒక స్ప్రింగు ఉంటాది. హోసు విప్పి కోసి చూస్తే మాదాంట్లో తుప్పు ముక్కలే మిగిలాయి, రబ్బరు పాత చెప్పులా మెత్తబడిపోయింది. పాత మూత ఒత్తిడి పట్టకపోవడంతో హోసుని లోపల్నుంచి ఉబ్బించి ఉంచే బలం కూడా లేదు. గట్టిగా తొక్కినప్పుడు, అంటే నీళ్ళు ఎక్కువ కావలసినప్పుడే, దారి మూసుకుపోతోంది. కారడం లేదు కాబట్టి రెండు నెలల్లో దాన్ని ఎవరూ చూడలేదు. బాగున్న పై హోసుని మాత్రం మార్చారు.

స్ప్రింగుతో సహా కొత్త హోసు 260 రూపాయలు. రేడియేటర్ విప్పి, కింద నుంచి పైకి నీళ్ళు కొట్టి ఎర్రమట్టి పోయేదాకా కడిగాం. రెక్కల్లో గడ్డిగింజలు తీశాం. థర్మోస్టాట్ మళ్ళీ వేసి, ఈసారి గెడ్డ నీళ్ళు కాకుండా కూలెంటు కలిపి పోశాం. అది తియ్యగా ఉంటాది గానీ విషం, పిల్లలకీ కుక్కలకీ అందకుండా పెట్టండి.

ఆ వారం లోడుతో ఘాట్ ఎక్కాం. గరికబంద దాటింది. వంట్లమామిడి వచ్చింది. జీపులో ఎవరూ మాట్లాడట్లేదు, అందరూ బానెట్ వైపే చూస్తున్నారు. రోజూ ఆపే గెడ్డ దగ్గర చిన్నాన్న అలవాటుగా ఆపేశాడు. తమ్ముడు కూడా అలవాటుగా డబ్బా పట్టుకుని దిగి, అక్కడే నిలబడి నవ్వుతున్నాడు. వెనక నుంచి ఒక ముసలామె "ఎల్లండ్రా, చలేస్తంది" అంది.

సావుకారికి 10 వేలు తిరిగిచ్చేశాం. మాట తప్పామని 500 ఎక్కువ తీసుకున్నాడు. మిరియాలు ఇంకా తీగ మీదే ఉన్నాయి, మావే.

ఊళ్ళో మాత్రం "డిగ్రీ చదువుతున్న కుర్రోడు జీపు బాగుచేశాడు" అని చెప్పుకుంటున్నారు. నేను ఎంతమందికి సరిచేసి చెప్పినా వినరు. తమ్ముడు కూడా "పోనీలే అన్నియా" అంటాడు. నేను హాస్టల్‌కి బయల్దేరిన రోజు బస్సు దగ్గర మాత్రం మెల్లగా అడిగాడు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేరాలంటే ఏం కావాలి అని. పదో తరగతి పాసవ్వాలి అని చెప్పాను. "ఎనిమిదే కదా నాది" అన్నాడు, బస్సు కదిలిపోయింది.

ఈ గ్రూపులో ఓపెన్ స్కూల్లో పది రాసి ఐటీఐకి వెళ్ళిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. ఫీజు ఎప్పుడు కట్టాలి, జీపు మీద పని చేసుకుంటూ చదవడం అవుతుందా, లెక్కలకి మీరు ఏ పుస్తకం చదివారు. వాడి దగ్గర పెద్ద ఫోను లేదు, నేనే చదివి చెప్తాను.