కలకత్తాలో రెండు రంగులు

కలకత్తా వెళ్ళినవాళ్ళు సాధారణంగా కాళీఘాట్ చూస్తారు, దక్షిణేశ్వరం చూస్తారు, విక్టోరియా మెమోరియల్ ముందు నిలబడి ఫోటో తీయించుకుంటారు, ఒక రసగుల్లాల డబ్బా, రెండు నేత చీరలు పట్టుకుని రైలెక్కుతారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ ఊరివాళ్ళ మనసు ఎక్కడుందో చూడాలంటే మాత్రం ఒక సాయంత్రం ఎస్ప్లనేడ్‌లో దిగి మైదానంలోకి నడవాలి.

మైదానమంటే మన ఊళ్ళలో హైస్కూలు వెనక ఉండే ఆటస్థలం అనుకునేరు! ఒక చివర నుంచి చూస్తే రెండో చివర మసకగా కనిపిస్తుంది. మేకలు మేస్తుంటాయి, గుర్రాలు తిరుగుతుంటాయి, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఒక పక్కన ఫోర్ట్ విలియం కోట. ఆ నేలంతా సైన్యం అధీనంలోది. ఇష్టం వచ్చినట్లు పక్కా మేడలు లేపడానికి వీల్లేదు. అందుకనే నూరేళ్ళు దాటిన పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల ఆఫీసులను కూడా ఇప్పటికీ ‘టెంట్’ అనే పిలుస్తారు. గోడలున్నా, కుర్చీలున్నా, బీరువాల నిండా వెండి కప్పులున్నా, పేరు మాత్రం గుడారమే.

ఆ గుడారాల దగ్గర మొట్టమొదట కంట పడేవి రంగులు. ఒకచోట గేటూ, గోడలూ, కిటికీ చువ్వలూ అన్నీ ఆకుపచ్చ, మెరూన్. అది మోహన్ బగాన్. మరొకచోట అన్నీ ఎరుపు, పసుపు. అది ఈస్ట్ బెంగాల్. ఇక తెలుపు, నలుపు రంగులూ, నెలవంకా నక్షత్రం గుర్తూ కనిపిస్తే అది మహమ్మదన్ స్పోర్టింగ్. ఆ ఊళ్ళో ఒక మనిషి ఎవరో తెలుసుకోవడానికి ఇంటిపేరు అడగనక్కర్లేదు, ఏ రంగు అని అడిగితే చాలు.

“పసుపూ కుంకుమా అన్నమాట!” అంది మా ఆవిడ, ఈస్ట్ బెంగాల్ జెండా చూసి.

మమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పుతున్న మా తోడల్లుడుగారు ఆ మాటకు ఎంత మురిసిపోయారో చెప్పలేను. ఆయన ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువారు. తండ్రిగారు శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. వీరు తర్వాత కలకత్తా చేరారు. “చూశారా అన్నయ్యగారూ, వదినగారు వచ్చి గంట కాలేదు, మా పార్టీలో చేరిపోయారు!” అన్నారు.

ఈ ఎరుపు పసుపులు ఎలా వచ్చాయో ఆయనే చెప్పారు. క్లబ్బు చరిత్రలో అందరూ చెప్పుకునే కథే. 1920 జులైలో జోరాబగాన్ అనే జట్టుకూ, మోహన్ బగాన్‌కూ పోటీ జరిగింది. శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి జోరాబగాన్ వాళ్ళు జట్టులోంచి తప్పించారు. ఆయన తూర్పు బెంగాల్ మనిషి. అందుకే తప్పించారని ఆ క్లబ్బు ఉపాధ్యక్షులు సురేశ్ చంద్ర చౌధురిగారికి కోపం వచ్చింది. కోపం వచ్చి ఊరుకోలేదు. మరి కొందరితో కలిసి నాలుగు రోజుల్లో, అంటే ఆగస్టు 1న, వేరే క్లబ్బు పెట్టేశారు. పేరు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది, ‘ఈస్ట్ బెంగాల్’ అనే పెట్టారు. ఇక చొక్కాలు కావాలి. ఆ రోజుల్లో చౌరంగీలో వైటవే లెయిడ్లా అని దొరల దుకాణం ఒకటి ఉండేది. అక్కడ ఎరుపూ బంగారు పసుపూ కలిసిన చొక్కా వేలాడుతూ కనిపించింది. అందరి కళ్ళూ దానిమీదే పడ్డాయి. ధర 80 రూపాయలు. కొనేశారు.

అంతే! ఏ పండితుడూ ముహూర్తం పెట్టలేదు, ఏ చిత్రకారుడూ కూర్చుని రంగులు కలపలేదు. దుకాణంలో తగిలించి ఉన్న చొక్కా నచ్చింది, డబ్బిచ్చి తెచ్చుకున్నారు. నూరేళ్ళ తర్వాత ఆ రంగు కోసం మనుషులు కన్నీళ్ళు పెట్టుకుంటారని ఆ కొట్లో బిల్లు రాసిన గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? ఆ భవనం ఇప్పటికీ చౌరంగీలో తెల్లగా, గుమ్మటంతో నిలబడి ఉంది. మెట్రోపాలిటన్ బిల్డింగ్ అంటారు. దాని ఎదుట మేం ఐదు నిమిషాలు నిలబడ్డాం. మా తోడల్లుడుగారు చెప్పులు విడిచి దణ్ణం పెడతారేమోనని భయపడ్డాను గాని, పెట్టలేదు.

వారి చిహ్నంలోని కాగడా కథ వేరు. పై డివిజనులోకి రానివ్వకపోవడం అన్యాయమని 1930లో అభిమానులు కాగడాలు వెలిగించుకుని ఊరేగారట. ఆ కాగడాయే చిహ్నంలోకి ఎక్కింది. చొక్కా కొనుక్కున్నదైనా, గుర్తు మాత్రం కష్టపడి సంపాదించుకున్నదే.

మోహన్ బగాన్ వయసులో పెద్దది. 1889లో ఉత్తర కలకత్తాలో పుట్టింది. మొదట్లో దాని చిహ్నం చెట్టు నీడన కూర్చున్న పులి. తర్వాత పులి పోయి తెరచాప ఎత్తిన నాటు పడవ వచ్చింది. నన్నడిగితే పడవే నయం. పులిని ఎవరైనా పెట్టుకుంటారు, బెంగాల్ నదిని ఇంత సులువుగా చెప్పేది మరొకటి లేదు.

ఆ జట్టు 1911 జులై 29న చేసిన పని గురించి చెప్పకపోతే కలకత్తాలో మంచినీళ్ళు పుట్టవు. ఆ రోజు ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే దొరల పటాలాన్ని 2-1తో ఓడించింది. బూట్లు వేసుకున్న సోల్జర్ల మీద వట్టి కాళ్ళతో ఆడి గెలిచారు. మనవాళ్ళలో బూట్లు తొడుక్కున్నది ఒక్క సుధీర్ ఛటర్జీయే. ఆట అయ్యాక ఎవరో కోట మీది యూనియన్ జాక్ చూపించి ‘మరి అదెప్పుడు దిగుతుంది?’ అన్నారనీ, ‘మళ్ళీ మోహన్ బగాన్ షీల్డు గెలిచిననాడు’ అని జవాబు వచ్చిందనీ చెబుతారు. కథ ఎంతవరకు నిజమో గాని, ఆ క్లబ్బు మళ్ళీ షీల్డు గెలిచింది మాత్రం 1947లోనే!

ఆ 1947లోనే మరొకటి కూడా జరిగింది. దేశ విభజనతో తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చి పడ్డారు. జాదవ్‌పూర్ వైపు కాలనీలు వెలిశాయి. ఊరు పోయింది, చెరువు పోయింది, మాట్లాడే యాసను చూసి పడమటివాళ్ళు నవ్వుతున్నారు. అలాంటివాళ్ళకు మైదానంలో తమ ఊరి పేరు మోసే జట్టు ఒకటి కనిపించింది. అప్పట్నుంచి ఆ ఎరుపు పసుపులు వట్టి ఆటగాళ్ళ చొక్కా కాదు, పోయిన పొలానికి మిగిలిన దస్తావేజులాంటివి.

పడమటివాళ్ళు ‘ఘోటీలు’, తూర్పువాళ్ళు ‘బాంగాల్‌లు’. వీళ్ళ పోటీ వంటింటిదాకా వచ్చింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ పూట ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్య. ఇలిశ అంటే మరేం కాదు, గోదావరి వరదకు ఎదురీదుకొచ్చే మన పులసే! మా తోడల్లుడుగారి కోడలు ఉత్తర కలకత్తా పిల్ల, ఘోటీల ఇంటి ఆడపడుచు. పులుసులో చక్కెర వేస్తుంది. మామగారు ఈస్ట్ బెంగాల్. పోటీ ఉన్న రోజున ఆ ఇంట్లో రెండు రకాల చేపలూ తెచ్చి పెడతారట, ఆట అయ్యాక ఏది ముందు పొయ్యి ఎక్కాలో తేల్చుకోవచ్చని.

ఒక తెలుగువాడు ఈస్ట్ బెంగాల్‌ను ఎందుకు పట్టుకున్నాడని అడిగాను. “బలరాం కోసం” అన్నారు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఆ ఎరుపు పసుపు చొక్కా తొడుక్కున్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు. 1961లో కెప్టెనుగా ఈస్ట్ బెంగాల్‌కు లీగూ, షీల్డూ గెలిచి ఇచ్చాడు. 1962 జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు రహీంగారే. ఆరోగ్యం చెడి బలరాం చిన్నవయసులోనే ఆట మానుకున్నా, బెంగాల్ విడిచి రాలేదు. ఉత్తరపారాలో ఉండి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు పిల్లలకు ఆ రోజుల్లో అతను ఎంత పెద్దవాడో ఊహించుకోవచ్చు.

రంగుల పిచ్చికి రెండో ముఖం కూడా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్లు ఆడుతుండగా గాలరీల్లో కొట్లాట రేగి తొక్కిసలాట జరిగింది. 16 మంది చనిపోయారు. ఆట చూసి వస్తామని ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళు. ఏటా ఆ రోజున ఊళ్ళో వారిని తలుచుకుంటారు. ఈ సంగతి చెబుతున్నప్పుడు మా తోడల్లుడుగారి హాస్యం ఆగిపోయింది. “అప్పుడు మా నాన్నగారు నన్ను రెండేళ్ళు మైదానానికి వెళ్ళనివ్వలేదు” అని మాత్రం అన్నారు.

ఇంత బరువు మోస్తున్న చొక్కా మీద డబ్బున్నవారు చెయ్యి వేస్తే ఏమవుతుందో ఈమధ్యనే తేలింది. ఈ రోజుల్లో జట్టు నడపాలంటే కోట్లు కావాలి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాలు, ఏటీకే అనే వ్యాపారుల జట్టుతో కలిసింది. ఏటీకే రంగులు ఎరుపు, తెలుపు. ఆకుపచ్చ మెరూన్లు పోతాయేమోనని ఊళ్ళో గగ్గోలు పుట్టింది. ఆ జులైలో పెద్దలు సమావేశమై రంగులు మార్చం, పడవ తియ్యం అని ప్రకటించారు. అయితే పేరుకు ముందూ, పడవతోపాటూ ‘ఏటీకే’ అనే మూడక్షరాలు చేరాయి. ఆ మూడక్షరాలు తీసెయ్యాలని అభిమానులు మూడేళ్ళు బానర్లు పట్టుకున్నారు. చివరికి 2023 మార్చి 18న గోవాలో జట్టు ఐ.ఎస్.ఎల్. ఫైనల్ గెలిచిన రాత్రి, యజమాని సంజీవ్ గోయెంకాగారు ఆ అక్షరాలు తీసేస్తామని చెప్పారు. అప్పట్నుంచి అది మోహన్ బగాన్ సూపర్ జెయింట్. ఆ మేలోనే ఆయన లక్నో క్రికెట్ జట్టు ఈడెన్‌లో ఆకుపచ్చ మెరూన్ దుస్తులు వేసుకుని ఆడింది. వ్యాపారులకు ఎక్కడ వంగాలో తెలుసు.

మన హైదరాబాదు సంగతి తలుచుకుంటే నాకు కొంచెం దిగులు వేసింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు మనది. 1950 డ్యురాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. తర్వాత 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. చిహ్నంలో చార్మినార్ మినారు, కోహినూరు వజ్రం, పసుపు నలుపు రంగులు, అన్నీ ముచ్చటగా ఆలోచించి పెట్టారు. 2022లో ఐ.ఎస్.ఎల్. కప్పు కూడా గెలిచింది. 2025లో చేతులు మారి, పేరు మారి, ఢిల్లీకి తరలిపోయింది. చార్మినార్ ఇక్కడే ఉంది. మన ఊళ్ళో ఎవరూ రోడ్డు మీదికి వచ్చినట్లు లేదు.

కలకత్తావాళ్ళు వస్తారు. 2024 ఆగస్టు 18న సాల్ట్ లేక్ స్టేడియంలో ఈ రెండు జట్ల పోటీ జరగవలసింది. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్యతో ఊరు అట్టుడుకుతున్న రోజులవి. బందోబస్తు చాలదని ఆట రద్దు చేశారు. ఆట లేకపోయినా మనుషులు వచ్చారు. ఎరుపు పసుపు చొక్కాలూ, ఆకుపచ్చ మెరూన్ చొక్కాలూ ఒకే రోడ్డు మీద పక్కపక్కన నిలబడి ఆ అమ్మాయికి న్యాయం కావాలని కేకలు వేశాయి. మహమ్మదన్ వాళ్ళూ కలిశారు. మామగారూ కోడలూ ఆ రోజు ఒకే బస్సులో వెళ్ళారట, ఎవరి రంగు వారు వేసుకుని.

తిరుగు ప్రయాణానికి ముందు మనవడి కోసం ఎస్ప్లనేడ్ దగ్గర మైదాన్ మార్కెట్‌కు వెళ్ళాం. బూట్లు, బంతులు, మేజోళ్ళు, కట్టలు కట్టలుగా జెర్సీలు. బేరమాడకుండా కొనకండి. “ఏ రంగు, దాదా?” అన్నాడు కుర్రాడు. రెండూ ఇవ్వమన్నాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూశాడు. రెండూ మడిచి, ఒకే సంచీలో పెట్టమన్నా వినకుండా, విడివిడిగా రెండు పొట్లాలు కట్టి ఇచ్చాడు.