మా కుంగిన హెరాల్డు

మా కుటుంబము మూడు ఊళ్ళలో చెదరియున్నది. మేము జనగామలో భౌతికశాస్త్రము బోధించుచున్నాము. తమ్ముడు భూపాలపల్లి బొగ్గుగనుల కార్యాలయమున ఉద్యోగి. అమ్మ మహబూబాబాదు విడిచి రాదు. ఆ ఊరిని ఆమె ఇప్పటికిని మానుకోట యనియే పిలుచును. వరంగల్లును నడుమ నుంచి చూచినచో ఈ మూడు ఊళ్ళు ముక్కాలిపీట కాళ్ళవలె తలొక దిక్కున, 60, 70 కిలోమీటర్ల దూరములో ఉన్నవి. రైలు జనగామను, మానుకోటను కలుపును గాని భూపాలపల్లికి పోదు. ఇట్టి కుటుంబమునకు కారు విలాసము కాదు. అయితే మాకు దక్కినది విలాసము కొరకు మార్చబడిన కారు.

అది మా పెదనాన్నగారి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డు. విద్యార్థులలో పలువురు ఈ పేరు విని యుండరు. ఇంగ్లండులో ట్రయంఫ్ సంస్థ 1959లో హెరాల్డును వెలువరించినది. రూపకర్త ఇటలీ దేశస్థుడగు మికెలోట్టి. మద్రాసులోని స్టాండర్డ్ సంస్థవారు 1961 నుండి దానిని మన దేశమున తయారు చేసినారు. ఇంజను 948 సి.సి. మాత్రమే. అయినను అంబాసిడర్లు, ఫియట్ల నడుమ అది నాజూకు బండి. దాని చట్రము ఆధారముగనే, అదే మికెలోట్టి చేతిమీదుగా, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారు పుట్టినది. చక్రముల అమరిక రెండింటికిని ఒకే తీరు. కావున మా హెరాల్డు స్పోర్ట్స్ కారుకు అన్నగారు అనుట అతిశయోక్తి కాదు.

పెదనాన్నగారి తదనంతరము వారి కుమారుడు, మాకు అన్నయ్య, దానిని హైదరాబాదులో ప్రదర్శనల కొరకు కుదింపజేసినాడు. ముందరి కాయిల్ స్ప్రింగులలో చుట్లు కోయించి, వెనుక కమాను కట్టలో కొన్ని పట్టీలు తీయించి, వెడల్పు టైర్లు వేయించినాడు. నిలిపి చూచిన ముచ్చటయే. పిదప విదేశమునకు పోవుచు బండిని మాకప్పగించి, అమ్మరాదని ఒకే షరతు పెట్టినాడు. అమ్మరాదు, తిరుగలేదు! అట్టి బండికి మిగులునది రేకుల షెడ్డు, తుప్పు. పెదనాన్నగారి బండి అట్లగుట మాకు ఇష్టము లేదు.

తిరుగలేకపోవుట ఎట్లనగా, ప్రతి ఊరి మొదట ఒక స్పీడ్ బ్రేకరు, చివర మరియొకటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నియమము ప్రకారము అది 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. మన ఊళ్ళలో వాటిని పోయువారు ఆ పుస్తకము చూచినట్లు తోచదు. ప్రతి దానిమీద సైలెన్సరు గీరుకొనుచుండెను. ముగ్గురు కూర్చున్నచో వెనుక చక్రములు పైభాగమున లోనికి వంగి, టైర్లు లోపలి అంచున మాత్రమే అరుగుచుండెను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నెలకొకసారి వరంగల్లులో వైద్యునికి చూపించవలెను. మొదటిసారి ఎక్కిననాడే ఆమె తీర్పు చెప్పినది: "బిడ్డా, ఇది కూసునుడు కాదు, పడుడు."

ఆపై నవంబరు మాసములో అసలు దోషము బయటపడినది. మానుకోట దారిలో ఒక మలుపు దాటగనే రైతులు సగము రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టును రాళ్ళు పేర్చియున్నారు. బండి నడుపుచున్నవారు మా మెకానిక్కు. నలుబది ఏండ్ల అనుభవము గలవారు. ఊరంతయు వారిని ఉస్తాద్ అనును, మేమును అంతే. వారు యాక్సిలరేటరు మీదినుండి కాలు తీసిన క్షణముననే ముందుభాగము దడేలున కుంగి బయటికి జరిగినది; వెంటనే వెనుకభాగము పైకి లేచి పక్కకు పోయినది. ఉస్తాద్ గారి చేతులు గట్టివి గనుక వడ్లగింజ కూడ చెదరలేదు. వారు దిగి, వెనుక చక్రము చెంత చాలసేపు కూర్చుండి, "సార్, బండి నేలకు ఆని ఉన్నది, ఇంక పల్టీ కొట్టదు అనుకుంటరు. చక్రం నిలబడకుంటే బండి కింద ఉండి ఏం ఫాయిదా?" అన్నారు.

తరగతిలో చెప్పదగిన పాఠము అందులో ఉన్నది. హెరాల్డు వెనుక ఇరుసు ఒకే కడ్డీ కాదు. నడుమ డిఫరెన్షియల్ వద్ద కీలు గల రెండు అరకడ్డీలు. ప్రతి చక్రము తన కడ్డీకి లంబముగ బిగింపబడి, ఆ కీలు చుట్టు పక్షి రెక్కవలె ఊగును. దీనినే స్వింగ్ ఆక్సిల్ అందురు. రెండింటిపైన అడ్డముగ ఒకే కమాను కట్ట ఉండును. బండి వెనుకభాగము పైకి లేచినచో కీలు లేచును, కడ్డీలు బయటికి వాలును, చక్రముల అడుగులు లోనికి ముడుచుకొనును. మలుపులో వేగముగ పోవుచు హఠాత్తుగ కాలు తీసినను, బ్రేకు వేసినను బరువు ముందుకు పోయి ఇదియే జరుగును. బయటి చక్రము అంచు మీద నిలిచి పట్టు వదలును.

ఈ చిక్కు మా ఒక్కరిది కాదు. అమెరికాలో 1960 మోడలుగ వచ్చిన షెవర్లే కార్వెయిర్ కారుకు ఇట్టి ఇరుసే ఉండినది. దానిపై రాల్ఫ్ నేడర్ 1965లో వ్రాసిన గ్రంథము ఆ దేశమున పెద్ద దుమారము రేపినది. 1972లో అక్కడి ప్రభుత్వ శాఖ పరీక్షించి, నాటి ఇతర కార్లకంటె అది అధ్వాన్నము కాదని తేల్చినది. అది వేరు కథ. ట్రయంఫ్ వారు 1970లో స్పిట్‌ఫైరుకు కమాను కట్టలో అధిక భాగము నడుమ కీలుపై ఊగునట్లు చేసి, ముందరి యాంటీరోల్ కడ్డీని లావు చేసి జబ్బు కుదిర్చినారు. మద్రాసువారు హెరాల్డు తరువాత తెచ్చిన గజెల్ కారుకు ఊగుడు ఇరుసునే మాని, మామూలు నిండు ఇరుసు వేసినారు.

ఇక మా ఇంట రెండు పక్షములు. బండిని మునుపటి ఎత్తుకు లేపవలసినదే యని అమ్మ, తమ్ముడు. అందముగ నున్నదానిని చెడగొట్టవలదని ఫోనులో అన్నయ్య. విచిత్రమేమనగా, ఒక్క విషయమున అన్నయ్య వాదమే భౌతికశాస్త్రమునకు దగ్గర. ఊగుడు ఇరుసు గల బండిని వెనుక కొంచెము కుదించుట మేలు. చక్రములు ముందే పైన లోనికి వాలియుండుటచే, బండి లేచినపుడు వెంటనే ముడుచుకొనవు. అమ్మ కోరినట్లు వెనుక ఎత్తి వదిలినచో అమ్మకే అపాయము. అయితే అన్నయ్య చేయించినది కుదింపు మాత్రమే. స్ప్రింగునకు ఊగుటకు చోటే లేదు. కుదుపు రాగానే అడుగున నున్న రబ్బరు దిమ్మకు కొట్టుకొని స్ప్రింగు రాయి యగుచున్నది. రాయి వంటి స్ప్రింగు టైరును రోడ్డుకు అదిమి యుంచలేదు. మలుపులో ముందుభాగము బయటికి జరుగుటకు కారణమిదే.

కావున ఎత్తు ఎంత అను ప్రశ్నను పక్కన పెట్టి, చక్రము ఎట్లు నిలువవలెనో ముందుగ నిర్ణయించినాము. వెనుక కమాను కట్టకు తీసిన పట్టీలను మరల చేర్చి, వరంగల్లులో లారీల కమాన్లు చేయువారి వద్ద వంపు సరిచేయించినాము. కొలిమిలో కాల్చి వంచుట సులువు గాని ఉక్కు పదును పోవును. సుత్తితో చల్లగనే కొట్టవలెనని ఉస్తాద్ పట్టుపట్టి, సాయంత్రము వరకు అక్కడనే కూర్చున్నారు. బండిలో ఇద్దరిని కూర్చుండబెట్టి, మేస్త్రీ తూకపు గుండును ఫెండరు నుండి వ్రేలాడదీసి చూడగ, చక్రము పైభాగము లోనికి రవ్వంత వాలినది. అదియే మాకు కావలసిన కొలత. ముందు కోసిన స్ప్రింగులను పారవేసి కొత్తవి చుట్టించినాము. బండి ఇప్పుడు ఫ్యాక్టరీ ఎత్తుకంటె బొటనవ్రేలి మందము తక్కువ; అన్నయ్య పెట్టిన ఎత్తుకంటె నాలుగు వ్రేళ్ళు ఎక్కువ.

నాలుగు షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు మార్చినాము. స్ప్రింగులకంటె వీనివలన కలిగిన మార్పే పెద్దదని మా అభిప్రాయము. పాత షాక్ అబ్జార్బర్లు చేతితో నొక్కిన లేవనే లేవలేదు. వెడల్పు టైర్లు తీసి అసలు కొలతకు దగ్గరి రేడియల్ టైర్లు నాలుగును ఒకే రకము వేసి, వెనుక గాలి ముందరికంటె ఎక్కువ ఉంచినాము. ముందు చక్రము తిరుగు కడ్డీ అడుగున ట్రనియన్ అను కంచు భాగము గలదు. దానికి గ్రీజు పనికిరాదు, గేరు నూనె పోయవలెను. ఎండినచో కడ్డీ విరిగి చక్రమే ఒరిగిపోవును. పెంబర్తి ఇత్తడి పనివారు పొరుగున ఉండియు ఆ చిన్న భాగము మాకు ఇంగ్లండు నుండి రావలసి వచ్చినది!

స్పిట్‌ఫైరు వారి ఊగు కమాను ఏర్పాటును తామే చేసెదమని ఉస్తాద్ శిష్యుడొకడు ఉబలాటపడినాడు. మేము వలదన్నాము. చట్రము కోయుట, అతుకుట లేకుండ, ఏ భాగమైనను విప్పి మరల మొదటి రూపమునకు తేగలిగినట్లుండవలెనని మా నియమము. వాహనమును తయారీదారు ఇచ్చిన రూపమునకు భిన్నముగ మార్చుటను మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అడ్డగించును. 50 ఏండ్లు దాటిన బండ్లకు 2021లో ప్రత్యేక వింటేజి రిజిస్ట్రేషను ఏర్పడినది, గౌరవముగల ఏర్పాటే. కాని దానిని తీసికొన్న బండిని నిత్యము రోడ్డుపై తిప్పరాదు. మాకు కావలసినది నిత్య ప్రయాణమే గనుక అయిదేండ్లకొకసారి మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకొనుచున్నాము.

అమ్మ సమస్యకు పరిష్కారము బండి ఎత్తులో దొరకలేదు. ముందరి సీటును విప్పించి, కుంగిన దూదిని తీసి గట్టి కొబ్బరిపీచు పరుపు వేయించినాము. రెండంగుళముల ఎత్తు అక్కడ వచ్చినది. ఆమె ఇప్పుడు తలుపు పట్టుకొని తానే దిగును. అన్నయ్యకు ఫొటో పంపగ, అందము సగము పోయినదని ఒక్క వాక్యము వ్రాసినాడు.

ఈ వానకాలమంతయు మూడు ఊళ్ళు తిరిగినాము. భూపాలపల్లి దారిలో ఇసుక లారీల వెనుక పోవునపుడు గుంతలు ముందుగ కనబడవు. అయినను చక్రము కుదుపును తాను మ్రింగి, బండిని దారిమీదనే ఉంచుచున్నది. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో కాలు కదపకుండ పోవుట ఉస్తాద్ పెట్టిన షరతు. తమ్మునికి తాళము ఇచ్చుటకు ముందు దానిని రెండు మారులు అప్పజెప్పించుకొన్నారు. వెనుక టైర్లు ఇప్పుడు అడ్డముగ సమముగ అరుగుచున్నవి. నలుగురు ఎక్కిననాడు మాత్రము రెండు మూడు స్పీడ్ బ్రేకర్ల మీద సైలెన్సరు ఇంకను గీరుకొనుచున్నది. అచ్చట ఒక చక్రము తరువాత ఒక చక్రము ఎక్కునట్లు బండిని ఏటవాలుగ పోనిచ్చుచున్నాము. సైలెన్సరు గొట్టమును కొంచెము పైకి మార్చి కట్టవలెనని ఉస్తాద్ అన్నారు. సంక్రాంతి సెలవులలో ఆ పని పెట్టుకొన్నాము.