బేకర్ థర్మామీటరు, మా బండి ముల్లు

లాస్ ఏంజిలస్ వైపు నుంచి వేగస్‌కి కారులో వెళ్ళే మనవాళ్ళకి బేకర్ గురించి చెప్పక్కర్లేదు. ఊరని పేరే గాని కొన్ని గ్యాస్ స్టేషన్లు, కొన్ని తిండి దుకాణాలు, ఒక పెద్ద థర్మామీటరు, అంతే. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో 134 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైందని, దానికి గుర్తుగా 134 అడుగుల ఎత్తున దాన్ని నిలబెట్టారు. మన లెక్కలో 56.7 సెల్సియస్. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని దాని కింద నిలబెట్టి ఫొటో తీయకుండా ఎవరూ ముందుకు కదలరు.

అసలు కథ ఆ ఊరు దాటాక మొదలవుతుంది. బేకర్ ఎత్తు సుమారు 930 అడుగులు. అక్కణ్ణుంచి ఐ-15 రోడ్డు 20 మైళ్ళలో హాలోరన్ సమ్మిట్ దగ్గర సుమారు 4,000 అడుగులకి చేరుతుంది. శ్రీశైలం ఘాట్‌లోలాగా మలుపులుండవు, కొండెక్కుతున్నామన్న సంగతి కంటికి తెలియదు. తెలిసేది ఇంజనుకే. అందుకే బండి వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డు పెట్టారు. 110 డిగ్రీల ఎండలో ఏసీ ఆపమంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

నిరుడు జూలైలో అత్తయ్యగారినీ మావయ్యగారినీ హూవర్ డ్యామ్ చూపించడానికి పిల్లలతో సహా బయల్దేరాం. మా మినీవ్యాన్‌కి 11 ఏళ్ళు, 1,40,000 మైళ్ళు. ఎత్తు సగం ఎక్కేసరికి ముల్లు పైకి లేచింది. మావారు ఏసీ ఆపి హీటరు పూర్తిగా పెట్టారు. "ఇదేం విడ్డూరంరా, ఈ ఎండలో వేడిగాలా!" అన్నారు అత్తయ్యగారు. హీటరు లోపల ఉండేది కూడా చిన్న రేడియేటరే. ఇంజను వేడి కొంత మన ఒళ్ళోకి వచ్చి పడుతుంది, ఇంజనుకి ఆ మేరకు తగ్గుతుంది. అయినా ముల్లు దిగలేదు. రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపేశారు. ముల్లు లేచినప్పటి నుంచి ఆపేదాకా రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత మా లెక్కంతా తేల్చింది ఆ రెండు నిమిషాలే.

మావయ్యగారు మార్కాపురం డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఘాట్‌లో బస్సు ఆగితే డబ్బా పట్టుకుని నీళ్ళకి పరిగెత్తిన మనిషి. "ఒరేయ్, క్యాప్ మీద చెయ్యి వెయ్యకు" అని అరిచారు. ఆయన మాటే శాస్త్రం. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 106 సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పౌండ్ల ఒత్తిడి పట్టే క్యాప్ బిగించి ఉంటే దాదాపు 129 దాకా మరగదు. వేడి మీద క్యాప్ తిప్పితే ఒత్తిడి పోయి, అంతా ఒక్కసారిగా పొంగి ముఖం మీదకొస్తుంది.

వేగస్‌లో ఉన్న స్నేహితులు వచ్చి పెద్దవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్ళారు. మేమిద్దరం టో ట్రక్కులో బార్‌స్టో చేరాం. అక్కడ మొదటి షాపులో మెకానిక్ హుడ్ ఎత్తి చూసి, "ఇంజను పోయింది, పాత ఇంజను వేస్తే 5,200 డాలర్లు" అన్నాడు. బాగున్నప్పుడే బండి 6,000 పలుకుతుంది. ఫోన్‌లో బంధువులు అమ్మేసి కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తదంటే ఐదేళ్ళ వాయిదాలు. ఇంట్లో ఒక్కరి జీతం, డిసెంబరులో మా తమ్ముడి పెళ్ళి, నలుగురికి టికెట్లు. మావారు అమ్మేద్దామనే వైపే ఉన్నారు. "ఇంత పెట్టి బాగుచేయించాక మళ్ళీ రోడ్డు మీద ఆగితే?" అన్నారు. నాకు మాత్రం ఒకటే సందేహం. ఏ పరీక్షా చెయ్యకుండా పోయిందని ఎలా చెప్పాడు?

రెండో షాపుకి మార్పించాం. అక్కడ రేడియేటరు మూతి మీద ఒక గాజుగొట్టం పెట్టి అందులో నీలం ద్రవం పోశారు. కూలెంట్‌లోకి సిలిండరు లోపలి పొగ చేరుతుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి ఆ నీలం పసుపవుతుంది. డిగ్రీ ల్యాబ్‌లో చూసిన బ్రోమోథైమాల్ బ్లూ! ఇన్నేళ్ళకి బార్‌స్టోలో కనిపించింది. మాది పసుపుపచ్చగా మారింది. అంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. కంప్రెషన్ చూస్తే పక్కపక్క సిలిండర్లు రెండిట్లో తక్కువ ఉంది. అయితే నూనె పాలలా తెల్లబడలేదు, ఇంజను కింది భాగంలో చప్పుడు లేదు. మూలకారణం రేడియేటరు ప్లాస్టిక్ ట్యాంకు అంచున పగులు.

గ్యాస్కెట్, కొత్త రేడియేటరు, హెడ్ చదును చేయించడం కలిపి 2,650 అన్నారు. మేం షరతు పెట్టి ఒప్పుకున్నాం. హెడ్ విప్పాక ఆగి, కొలతలు మాకు చెప్పాకే ముందుకెళ్ళాలి. అల్యూమినియం హెడ్ వేడికి సాగాలని చూస్తుంది, బోల్టులు సాగనివ్వవు, అందుకే వంగిపోతుంది. చాలా ఇంజన్లకి అనుమతించే వంపు వెంట్రుక మందం అటూ ఇటూగా ఉంటుంది. హెడ్‌కి పగులున్నా, సిలిండరు గోడలకి గీతలున్నా అక్కడితో ఆపేసి బండి అమ్మేద్దామనుకున్నాం. పాత ఇంజను మాత్రం నాకిష్టం లేదు. అది ఎవరి బండిలోంచి వచ్చిందో, ఏ ఎండలో ఎన్ని మైళ్ళు వేడి మీద పరిగెత్తిందో మనకెవరు చెప్తారు? మా ఇంజను ఎంతసేపు కాలిందో మాకు నిమిషాలతో సహా తెలుసు. అదే పది మైళ్ళు లాగించి ఉంటే నేనూ రిపేరు మాట ఎత్తేదాన్ని కాదు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. పగులు లేదు, వంపు చెక్కితే పోతుందన్నారు. వారంలో బండి చేతికొచ్చింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మట్టం చూస్తాను. అది ఇంతవరకు తగ్గలేదు.

డిసెంబరు టికెట్లు ఆ నెలలోనే కొనేశాం. మావయ్యగారు మాత్రం కాలిన పాత గ్యాస్కెట్ అడిగి తెప్పించుకుని, తువ్వాలులో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టుకున్నారు. మార్కాపురంలో పాత డ్రైవర్లకి చూపించాలట.