ఒంటిగంట గండం

నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. పద్యంలో గణభంగం పట్టగలను గాని, వైఫై భంగం సంగతి నాకేం తెలుసును? మా కాలేజీవారు గవర్నరుపేటలో నాలుగు ఆఫీసులున్న మేడలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. శనివారాలు అక్కణ్ణుంచే ఆన్‌లైనులో పద్యాలు అప్పజెప్పించుకుంటాను. ఒకమ్మాయి వంతు ఒంటిగంటకు. ప్రతివారమూ సగం పద్యంలో గొంతు తెగిపోయేది. పద్యం రాక లైను కట్టేస్తున్నదనుకున్నాను. చీవాట్లు పెట్టి, సున్న కూడా వేశాను.

చివరకు రౌటరు చూడడానికొక కుర్రవాణ్ణి పిలిపించాను. "ఇరుగుపొరుగంతా 6వ చానెల్‌మీదే ఉన్నారు, మాస్టారూ!" అంటూ మాదాన్ని 11కు మార్చాడు. ఉదయమంతా హాయి. ఒంటిగంట కొట్టగానే మళ్ళీ మొదలు! అంతలో గోడ అవతలినుంచి గుప్పున పప్పుపులుసు వాసన. కుర్రవాడు ముక్కెగబీల్చి, నవ్వి, పక్క ఆఫీసులోకి పరుగెత్తాడు. వారు కూరలు వేడిచేసుకునే మైక్రోవేవ్ పొయ్యి సరిగ్గా మా రౌటరు వెనకగోడకే ఆనించి ఉన్నది! రెంటివీ 2.4 గిగాహెర్ట్జుల దరిదాపు తరంగాలేనట. 5 గిగాహెర్ట్జులకు మార్చాడు, పీడ వదిలింది.

మరి ఆ సున్న? సాయంత్రం ఫోను చేసి, "తప్పు నాదమ్మా, ఆ పద్యం మళ్ళీ చదువు," అన్నాను. రెండు పాదాలు చదివి ఆగింది.

"వినబడుతున్నదాండీ?"